ఇత్తడి బిందె అమ్మం

దసరా ఇంకా తొమ్మిది రోజులుంది. మా ఇంట్లో కుట్టుమిషన్ రాత్రి పదకొండు దాటినా ఆగడం లేదు. మాలో ఒకరిది ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం, ఇంకొకరిది ఇంట్లోనే జాకెట్లు, లంగాలు కుట్టే పని. ఖమ్మంలో రెండు గదుల అద్దె ఇల్లు. ఇద్దరు పిల్లలు, వాళ్ల నానమ్మ. ఈ మధ్య కొందరు మిత్రులు మమ్మల్ని 'మినిమలిస్టులు' అంటున్నారు. ఒక ఉపాసక మిత్రుడైతే మా ఇంటిని ఫోన్‌లో ఫోటో తీసుకుపోయి, బౌద్ధ కుటుంబం అంటే ఇలా ఉండాలని పదిమందిలో చూపించాడట. ఆయన మంచి మనసుతోనే చేశాడు. కానీ ఆ పొగడ్త మాకు వద్దు. ఎందుకు వద్దో చెప్పకపోతే అది మన సంఘంలో ఒక కొత్త నీతిగా స్థిరపడిపోయేలా ఉంది.

మా ఇంట్లో సామాను తక్కువన్న మాట నిజమే. ఒక ఇనుప బీరువా, ఐదు కంచాలు, చుట్టాలొస్తే వాడే ఇంకో ఐదు. సోఫా లేదు, చాపలున్నాయి. టీవీ చెడిపోయాక మళ్లీ కొనలేదు. పుస్తకాలు మాత్రం గోడ పొడవునా ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ రాకూడదు. ఏదైనా కొనాలంటే మూడు మాటలు అనుకుంటాం. దీనికి అప్పు చేయాలా? దీనివల్ల ఇంట్లో ఎవరి చాకిరీ తగ్గుతుంది? ఆరు నెలల తర్వాత కూడా వాడతామా?

ఈ మూడూ దాటి వచ్చింది వాషింగ్ మెషిన్. అది చూసి ఆ ఫోటో తీసిన మిత్రుడే కాస్త నొచ్చుకున్నాడు. "చేత్తో ఉతుక్కుంటే వ్యాయామం కదా" అన్నాడు. ఎవరి చేత్తో అని అడిగాం. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న మాది కాదు, బాబాసాహెబ్‌ది. 1945లో వచ్చిన కాంగ్రెస్, గాంధీల మీది గ్రంథంలో ఆయన గాంధీవాదాన్ని తూర్పారబడుతూ యంత్రం గురించి రాశారు. మనిషికి తీరిక లేకపోతే సంస్కృతి లేదు, ఆ తీరికను ఇచ్చేది యంత్రమే అని ఆయన వాదన. రాట్నమూ, ఎడ్లబండీ గొప్పవని చెప్పేవాళ్లు తమ ఇంట్లో ఎవరు వంగి పనిచేస్తున్నారో చూసుకోరు. ఇవాళ 'వస్తువులు తగ్గించండి' అని చెప్పేవాళ్లదీ అదే తీరు. వస్తువు పోతుంది. దాని పని మాత్రం ఎక్కడికీ పోదు, ఇంట్లో ఆడమనిషి నడుం మీదికి వస్తుంది.

ఈ ఫ్యాషన్ ఎలా ఉంటుందో మీరూ చూసే ఉంటారు. తెల్లగోడలు, ఖాళీ గది, కిటికీ దగ్గర ఒక మొక్క. మూలన ఒక బుద్ధుడి తల. మొండెం లేదు, తల మాత్రమే. ఆయన చెప్పిన ధమ్మంలో పంచశీల లేదు, కులాన్ని తిరస్కరించడం లేదు, ప్రశాంతత ఒక్కటే ఉంది అన్నట్టు. ఆ ఇంటివాళ్లు పాత సామాను పారేశాక తేలికపడ్డామని చెబుతారు. మంచిదే. పారేయడానికి ముందు వాళ్ల దగ్గర ఉంది.

మేమూ ఆ గాలిలో కొంత కొట్టుకుపోయాం, దాచడమెందుకు. జపాన్ ఆవిడ మారీ కొండో చెప్పే పద్ధతి ఒకటుంది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, అది మనసుకు సంతోషమిస్తేనే ఉంచుకోవాలి. గత వేసవి సెలవుల్లో అటక మీది సామానంతా కిందికి దించి కూర్చున్నాం. అందులో నానమ్మ పాత ఇత్తడి బిందె ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరూ వాడింది లేదు, పక్కన పెద్ద సొట్ట. కిలో లెక్కన మంచి ధరే వస్తుంది, అమ్మేద్దామన్నాం.

నానమ్మ ఆ బిందెను ఒళ్లోకి లాక్కుంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో వాడకంతా మట్టికుండలే. రెండేళ్లు నాట్ల కూలి డబ్బులు దాచి ఆ బిందె కొనుక్కుంది. మొదటిరోజు నీళ్లు తెచ్చుకుంటూ ఊరి పెద్దమనిషి ఇంటి ముందు నుంచి వస్తుంటే, అరుగు మీద కూర్చున్న ఒకడు దిగివచ్చి "మీక్కూడా ఇత్తడి బిందెలు కావాల్సి వచ్చాయా" అని దాన్ని కాలితో తన్నాడు. ఆ సొట్ట అప్పటిది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ సంగతి మాకెవరికీ తెలియదు. బిందెను మళ్లీ అటక ఎక్కించాం. అది సంతోషమిచ్చే వస్తువో కాదో తేల్చడానికి కొండో గారి పద్ధతిలో దారి లేదు.

ఆ రాత్రి 'కుల నిర్మూలన' తీసి మళ్లీ చదివాం. 1936 నాటి ఆ ప్రసంగపాఠంలో మొదటి పేజీల్లోనే అంబేద్కర్ కొన్ని ఊళ్ల కథలు చెబుతారు. 1935 నవంబరులో అహ్మదాబాద్ జిల్లా జాను అనే ఊళ్లో అంటరాని స్త్రీలు లోహపు బిందెలతో నీళ్లు మోసినందుకు కొట్టారు. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో తీర్థయాత్ర నుంచి వచ్చిన ఒకాయన తన కులంవాళ్లకు నెయ్యితో భోజనం పెడుతుంటే లాఠీలతో వచ్చి పడ్డారు. నెయ్యి తినడమే నేరం. 1928లో ఇండోర్ ప్రాంతపు బలాయీలకు సవర్ణులు రాసిచ్చిన నిబంధనల్లో, మగవాళ్లు జరీ అంచు తలపాగా, రంగు అంచు ధోవతి కట్టకూడదు. ఆడవాళ్లు బంగారం, వెండి పెట్టకూడదు. సోకైన లంగాలు, జాకెట్లు తొడగకూడదు.

జాకెట్లు! మా ఇంట్లో రాత్రి పదకొండుదాకా కుడుతున్నవి అవే. మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికి పోయే ఒకామె మొన్న కూతురికి అద్దాల పని జాకెట్ కుట్టమని గుడ్డ తెచ్చింది. కారం మంటకు వేళ్లు ఉబ్బి ఉన్నాయి. నడుం గుడ్డకు కట్టిన ముడి విప్పి రెండు వందలు బయానా ఇచ్చింది. ఆమెకు నిరాడంబరత గురించి చెప్పే నోరు మాకు లేదు. (పండగ ఖర్చు దండగని మేం ప్రచారం చేస్తే ముందు పడిపోయేది మా ఇంటి రాబడే. దసరా నెల కుట్టుకూలి మాకు మిగతా మూడు నెలలతో సమానం. ఈ సంగతి చెప్పకుండా నీతులు చెప్పడం మోసం.)

1921లో మదురైలో గాంధీ చొక్కా విప్పి కొల్లాయి కట్టినప్పుడు దేశం చేతులు జోడించింది. మన తాతలు అంతకు ముందూ కొల్లాయే కట్టారు, ఆ తర్వాతా అదే కట్టారు, వాళ్లకు ఎవరూ దండం పెట్టలేదు. అందుకే బాబాసాహెబ్ సూటు వేశారు. 1927 డిసెంబరులో మహద్‌లో మన స్త్రీలతో మాట్లాడుతూ చీర బాగా కట్టుకోమని, అంటరానితనపు గుర్తుగా మోస్తున్న నగలను వదిలేయమని చెప్పారు. లేనితనాన్ని ఆయన ఎక్కడా పవిత్రం చేయలేదు.

బుద్ధుడు చేశాడా? త్రిచీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ల వడకట్టు. ఈ ఎనిమిదే నీ ఆస్తి అని ఆయన చెప్పింది భిక్షువుకు. ఉపాసకుడికి కాదు. ఈ తేడాను 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అంబేద్కర్ వివరంగా చెప్పారు. బుద్ధుడు పేదరికాన్ని దీవించలేదని, న్యాయంగా సంపాదించిన సంపదను కాదనలేదని కూడా అందులోనే ఉంది. అంగుత్తర నికాయంలో దీఘజాణు అనే కోలియుడు వచ్చి, మేం పెళ్లాంపిల్లలతో ఉండేవాళ్లం, చందనం పూసుకుంటాం, వెండిబంగారాలు ముట్టుకుంటాం, మాలాంటివాళ్లకు పనికొచ్చేది చెప్పమని అడుగుతాడు. అవన్నీ పారేసి రమ్మని ఆయన అనలేదు. కష్టపడి సంపాదించు, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్లతో తిరుగు, రాబడికి తగ్గట్టు సమంగా బతుకు అన్నాడు. ఈ నాలుగోదాన్నే పాళీలో సమజీవిత అంటారు. త్రాసు పట్టినవాడికి ఏ పక్క ఎంత దిగిందో తెలిసినట్టు తెలియాలట. మనవాళ్లు తరచూ వదిలేసే ముక్క ఒకటుంది. తక్కువ రాబడితో దర్జా చేసేవాణ్ని ఎంత తప్పుపట్టాడో, ఎక్కువ రాబడి ఉండి లేనివాడిలా బతికేవాణ్నీ అంతే తప్పుపట్టాడు. మన ఖాళీగది మిత్రులు ఆ రెండో సగం కూడా చదవాలి.

ఇంకొక సుత్తంలో అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెబుతాడు. ఉండడం, అనుభవించడం, అప్పు లేకపోవడం, తప్పు చేయకపోవడం. అనణ సుఖం అనే ఆ మూడోదే మా ఇంటి లెక్కలన్నిటికీ మూలం. మా కంచాలు ఐదే ఉండడానికి కారణం వైరాగ్యం కాదు, నెలాఖరు.

ఇప్పుడు మా తప్పు చెబుతాం. పోయిన దసరాకు మా తమ్ముడు ఒక ఫైనాన్సులో 30,000 తెచ్చాడు, వారం వారం కిస్తీ. రెండు కిస్తీలు తప్పగానే గ్రూపు ఆడవాళ్లొచ్చి గడపలో కూర్చున్నారు. కూతురి ఇంటర్ పరీక్ష ఫీజు గడువు దాటిపోయి జరిమానాతో కట్టాల్సి వచ్చింది. మేం వెళ్లి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాం. మా ఇంటిని చూసి నేర్చుకోమన్నాం. వాడు చివరిదాకా విని, "వదినా, మీకు నెలనెలా జీతం వస్తది. మీరు లేనట్టు బతికితే గొప్పంటరు. మేం ఒక్కరోజు ఉన్నట్టు బతికితే తప్పా?" అన్నాడు. సంక్రాంతి దాకా మా గడప తొక్కలేదు.

జనవరిలో మేమే వెళ్లాం. ఈసారి ఉపన్యాసం లేదు, కాగితం పెన్ను. 30,000లో బట్టలకు 9,000. దావత్‌కు, మందుకు 11,000. మిగతా 10,000 పాత బాకీల వడ్డీకే పోయింది. బట్టల దగ్గర వాడితో మాకు పేచీ లేదని చెప్పాం. వాడి మాటలో సగం న్యాయం ఉంది, అది ఆ 9,000 దగ్గర ఉంది. మిగతా సగం దగ్గర లేదు. సంపద కారిపోయే తూముల్లో తాగుడునూ చెడు సావాసాన్నీ దీఘజాణుడికే చెప్పాడు బుద్ధుడు. 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది ఒకటి. ఆ మాట వాడూ నాగపూర్‌లో చెయ్యెత్తి పలికినవాడే.

ఫిబ్రవరి నుంచి ఆరు కుటుంబాలం కలిసి నెలకు 500 జమచేశాం. సెప్టెంబరు నాటికి ఎనిమిది నెలలు, ఇంటికి 4,000. వడ్డీ లేదు, గడపలో కూర్చునేవాళ్లు లేరు. తమ్ముడు తన వంతుతో కూతురికి లంగాఓణీ గుడ్డ తెచ్చాడు, మంచి జరీ అంచుది. పెద్ద మొత్తమేం కాదు, మద్యం పూర్తిగా మానాడని కూడా మేం చెప్పలేం. కానీ ఈ దసరాకు వాడి పేరు ఏ ఫైనాన్సు పుస్తకంలోనూ లేదు.

ఇదే లెక్క మన సంఘాలూ వేసుకోవాలి. ఏప్రిల్ 14కు, వైశాఖ పూర్ణిమకు మనం వేస్తున్న ఫ్లెక్సీలు, పెడుతున్న డీజేలు ఎవరి చందాలతో? రోజుకూలీ ఇంటికి పోయి 500 రాసుకొచ్చి, ఆ డబ్బుతో నాయకుల మొహాలు ఆరడుగుల ఎత్తున వేసి, మర్నాడు అదే ఇంటివాళ్లకు ఆడంబరం వద్దని చెబుతున్నాం. పేదింటి అమ్మాయి జరీ జాకెట్ ఆడంబరమైతే మన డీజే ఏమిటి? విహారం ఖర్చుల పుస్తకాన్ని చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ చూపించమని మా ఊరి సంఘంలో అడిగాం. ఇంకా జవాబు రాలేదు. మళ్లీ అడుగుతాం.

మా ప్రయాణం సిద్ధమవుతోంది. 1956 అక్టోబర్ 14న, ఆ ఏటి విజయదశమి రోజున, బాబాసాహెబ్ లక్షలమందితో ధమ్మ దీక్ష తీసుకున్న నేలకు ఏటా ఈ రోజుకు వెళ్తాం. ఊళ్లో జమ్మి చెట్టు దగ్గరికి పోయేవాళ్లు పోతారు, మేం వరంగల్, బల్లార్షా మీదుగా జనరల్ బోగీలో దీక్షాభూమికి పోతాం. ఇంట్లో ఉన్న తెల్లబట్టలే ఉతికి ఇస్త్రీ చేశాం. చిన్నోడి చొక్కా పొట్టిదైంది, వాడికి మాత్రం కొత్తది కుట్టాం. దారికి చపాతీలు, నువ్వుల పొడి, మామిడి తొక్కు. అక్కడ మా ఖర్చంతా పుస్తకాల అంగళ్ల దగ్గరే. పిల్లలకు తలా 300 ఇస్తాం, ఏం కొనుక్కుంటారో వాళ్లిష్టం. పోయినేడు పెద్దది మొత్తం పెట్టి ఒకే పుస్తకం కొంది, చిన్నోడు సగం డబ్బుకు ప్లాస్టిక్ బుద్ధుణ్ని కొన్నాడు. ఏమీ అనలేదు.

తమ్ముడు నిన్న ఫోన్ చేసి వాళ్లింటిల్లిపాదీ వస్తామన్నాడు. కూతురు ఆ లంగాఓణీయే వేసుకొస్తుందట, తెల్లబట్టల మధ్య బాగుంటుందా అని అడిగాడు. బాగుంటుందన్నాం. అది ఇంకా కుట్టాలి. దాంతో కలిపి ఇరవై మూడున్నాయి.