గృహవిజ్ఞానము: రంగులు మార్చు దీపము



గడచిన సంక్రాంతికి మా యింట బొమ్మలకొలువు దీర్చితిమి. మోతీనగరమున నివసించు మాకు దుర్గము చెరువుమీది తీగెల వంతెన దూరము గాదు. 2020 సెప్టెంబరులో తెరువబడిన యా వంతెన రాత్రులందు రంగురంగుల వెలుగు దాల్చుట చూచివచ్చిన మా పిల్లవాడు, కొలువునకును నట్టి దీపమే కావలెనని పట్టుబట్టెను. మా యింటివారి జీతమునకు మించిన వస్తువు గాదు గదా యని మేమును సమ్మతించితిమి.

వాడు మూడు రంగుల ఎల్‌ఇడి నొకదానిని తెచ్చి, సెల్‌ఫోను ఛార్జరునకు గలిపి, అట్టముక్కపై నంటించి, మెట్లపై బరచిన పట్టుగుడ్డ వెనుక నమర్చెను. పేరంటాండ్రు కూర్చుండియుండగనే కమురుకంపు గొట్టెను. గుడ్డ దొలగించి చూతుము గదా, అట్ట నల్లబడి పొగయుచుండెను. ఆ మెట్ల ప్రక్కనే మా యాడుబిడ్డ పసికందు నిద్రించుచుండెను. నాటి గుండెదడ మమ్మింకను వదలలేదు.

మొదట పిల్లవానిని కోపించితిమి, పిదప సిగ్గుపడితిమి. వాడు తెలియక చేసెను. మేము తెలిసికొనక చేయనిచ్చితిమి. ఒక దుకాణమున నడుగగా, "ఇది ఆడవారి పని గాదమ్మా" యనిరి. నిత్యము పొయ్యిమంటను హెచ్చించి తగ్గించు మనకు దీపపు వేడిమి యెరుగరానిదా? వాడును మేమును పలక ముందుంచుకొని లెక్క గట్టితిమి. అది మీకును జెప్పుదుము.

ఈ దీపమున ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు దీపము లిమిడియుండును. ముగ్గుపొడులు గలిపినట్లు గాదు సుమా! వెలుగులో ఎరుపును ఆకుపచ్చయు గలిసిన పసుపగును. మూడును తగుపాళ్ళ గలిసిన తెలుపగును. ప్రకాశవంతమగు నీలపు ఎల్‌ఇడిని సాధించినందులకు అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమాన మొసగిరి.

మా దీపమున ఎరుపునకు సుమారు 2.2 వోల్టులును, తక్కిన రెంటికి సుమారు 3.3 వోల్టులును వలయును. కరెంటు ఒక్కొక్కదానికి 350 మిల్లియాంపియర్లు. ఛార్జ రిచ్చునది 5 వోల్టులు. ఎరుపు తన 2.2 పుచ్చుకొనగా మిగిలిన 2.8 వోల్టులను రెసిస్టరు భరింపవలెను. 2.8ని 0.35చే హెచ్చించిన దాదాపు 1 వాటు. మావాడు పెట్టినది పావు వాటుది! నాలుగింతల బరువెత్తి యది మాడి, అట్టను మాడ్చెను.

కావున ఎరుపునకు 8.2 ఓముల రెసిస్టరును, తక్కిన రెంటికి చెరియొక 5.6 ఓములదియు, అన్నియు 2 వాట్లవి వాడవలెను. మూడింటికి నొక్కటియే పెట్టరాదు. తక్కువ వోల్టుల ఎరుపే కరెంటునంతయు లాగికొనును. ఛార్జరు 2 ఆంపియర్లది యైన మేలు. దీపమును అట్టపై గాక, వేడిని లాగు లేపము పూసి అల్యూమినియపు హీట్‌సింకుపై బిగింపవలెను. ఇంతకంటె పెద్ద దీపములకు కరెంటును నిలుకడగా నిచ్చు డ్రైవరే శరణ్యము. ఏలయన ఎల్‌ఇడి వేడెక్కినకొలది ఎక్కువ కరెంటును లాగును.

ఇక రంగు మార్చుట. ఆర్డువినో వంటి చిన్నపలక సెకనునకు వందలసార్లు దీపమును వెలిగించి యార్పును. వెలిగియుండు కాలము హెచ్చిన కాంతి హెచ్చును. కన్ను ఆ యార్పును గుర్తింపజాలదు. ఆ పలక స్వయముగా 350 మిల్లియాంపియర్ల నీయలేదు. నడుమ ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క మాస్‌ఫెటు కావలెను. అది 5 వోల్టుల సైగకే పూర్తిగా తెరచుకొను రకమై యుండవలెను. కాంతి తగ్గించితిమి గదా యని రెసిస్టరు దీసివేయరాదు. వెలిగిన క్షణమున కరెంటు పూర్తిగనే పారును.

మొన్నటి దీపావళినాడు ఈ విధమున నమర్చి, రెండుగంటల పిమ్మట హీట్‌సింకుపై చేయి వేసి చూచితిమి; గోరువెచ్చగా నుండెను. ఐనను గుడ్డలకు జేనెడు దూరమున నుంచితిమి. నిద్రకు ముందు తీగె నూడదీసితిమి. మీరును నట్లే చేయుడు. వెలుగువంక సూటిగా జూడకుడు. గోడలోని కరెంటుజోలికి మాత్రము పోక, ఆ పని తెలిసినవారికే విడువుడు.

పిల్లలను వలదని వారించుట సులభము. వారితో గూర్చుండి లెక్క గట్టుట కష్టము. రెండవదియే యింటికి రక్షణ యని మేము నేర్చితిమి.