తిరిగివచ్చు మార్పు

మరల పూర్వరూపము నొందునది భౌతిక మార్పు, ఒందనిది రసాయనిక మార్పు అని ఉపాధ్యాయులము బాలురకు నేర్పుచున్నాము. ఈ సులభసూత్రమును విడిచిపెట్టవలెనని మా యభిప్రాయము.

మొన్నటి పరీక్షలో నొక విద్యార్థి, సున్నపురాయిని కాల్చుట భౌతిక మార్పని వ్రాసెను. గోడకు పూసిన సున్నము కాలక్రమమున మరల రాయి యగునుగదా యని కారణము చూపెను. మేము సున్న వేసితిమి. (సున్నమునకు సున్నయే!) పిదప యోచింపగా, ఆతడు మేము నేర్పిన సూత్రమునే యనుసరించెనని తెలిసినది.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 పాళ్లు బట్టీలో పూర్తిగా కాలినచో 44 పాళ్లు బొగ్గుపులుసుగాలియై పోవును. 56 పాళ్లు పొడిసున్నము మిగులును. నీరు చల్లగా నది కాగి, పొంగి, తడిసున్నమగును. గోడపై నది గాలినుండి బొగ్గుపులుసుగాలిని మరల గ్రహించి గట్టిపడును. రాతిలో నిట్టి వాయువు ఇమిడియుండుటను జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించెను. రాయి తిరిగివచ్చినను, నడుమ పుట్టినవి వేఱు పదార్థములు. కావున నిది రసాయనిక మార్పే. పగిలిన కుండయో, ఎన్నటికి నతుకదు. అయినను పెంకును కుండయు నొకే పదార్థము.

క్రొత్త పదార్థము పుట్టినదా యని విచారించుట బాలురకు కొంత కష్టమే. త్రాసు కావలెను, ఓపిక కావలెను. పరీక్షకు ముందు రెండును కఱవే. ఆ విద్యార్థికి మాత్రము సగము మార్కులు తిరిగి యిచ్చితిమి.