సూర్యుడికి దండం, సూర్యుడి పాఠానికి కత్తెర

రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం. ప్రత్యక్ష దైవమంటూ దోసిలి పడతాం. ఆ సూర్యుడు ఈ నేల మీద ఏం చేసి ఉంటాడో పిల్లలకు చెప్పే పాఠాన్ని మాత్రం పుస్తకంలోంచి పీకేశాం. ఇది భక్తి కాదు, పిరికితనం.

నాలుగు వందల కోట్ల ఏళ్ల కిందటి సూర్యుడు కుర్రవాడు. వెలుగు ఇప్పటి దానిలో దాదాపు 70 శాతమే. రౌద్రం మాత్రం ఎన్నో రెట్లు. అలాంటి పడుచు నక్షత్రాలు భీకరమైన జ్వాలలు కక్కడం కెప్లర్ టెలిస్కోపు కళ్లారా చూసింది. అప్పటి భూమికి ఓజోను గొడుగు లేదు. నెత్తిన పడ్డ కిరణాలు అణువుల్ని చీల్చేవే. చీల్చినవే కొత్తవాటిని కూర్చి ఉంటాయి కూడా!

1953లో మిల్లర్ అనే శాస్త్రవేత్త మీథేన్, అమ్మోనియాల్లో విద్యుత్తు మెరిపించి అమైనో ఆమ్లాలు రాబట్టాడు. తొలినాటి గాలి అలాంటిది కాదనీ, అందులో ఎక్కువగా ఉన్నవి నత్రజని, బొగ్గుపులుసు వాయువులేననీ తర్వాత తేలింది. అలాంటి గాలి మీద కొబయాషి, ఐరాపెటియన్ అనే శాస్త్రవేత్తల బృందం సూర్యుడు విసిరే ప్రోటాన్ల లాంటి వాటినే ప్రయోగించింది. మీథేన్ 0.5 శాతమున్నా అమైనో ఆమ్లాలు పుట్టాయి. మెరుపులకైతే 15 శాతం కావాల్సి వచ్చింది. అమైనో ఆమ్లాలు ప్రాణం కావు, ముడిసరుకు. అంతకు మించి నేను చెప్పను. అయినా ఒళ్లు జలదరించడానికి ఆ మాత్రం చాలదా?

ఆ ఫలితాలు వచ్చింది 2023లో. అదే ఏడు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం జీవపరిణామం లేకుండా పిల్లల చేతికొచ్చింది. దాంతోపాటు జీవం పుట్టుక గురించిన బాక్సు, అందులో శాస్త్రవేత్త హాల్డేన్ పేరు, రెండూ పోయాయి. అతినీలలోహిత కిరణాలే తొలి సముద్రాల్లో జీవపదార్థాన్ని వండి ఉంటాయని 1929లోనే రాసిన మనిషి ఆయన. ఈ దేశాన్ని కోరి వచ్చి, పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన్నే తుడిచేశాం.

పిల్లలకు భారం తగ్గించారట! పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అంటారు. బయాలజీ తీసుకోని పిల్లాడి సంగతేమిటి? వాడికి జీవం ఎలా మొదలైందో అక్కర్లేదా? సమాధానం చెప్పండి.

అదే ఏడు సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 లేచింది. మీరూ చప్పట్లు కొట్టారు. సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్రోటాన్లను కొలవడం దాని పనుల్లో ఒకటి. ఆ ప్రోటాన్లు ఒకప్పుడు ఇక్కడ ఏం చేసి ఉంటాయని మీ పదో తరగతి పిల్ల అడిగితే ఏ పేజీ తెరిచి చూపిస్తారు?