జిల్లా సగటులో మన మండలం ఎక్కడ?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

తెల్లారకముందే కూరగాయలు ఆటోలో వేసుకుని సాగర్ రోడ్డు మీద ఎల్బీనగర్ దాకా, అక్కడి నుంచి సరూర్‌నగర్ రైతుబజార్‌కు పోయేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నం. ఆ పక్కనే దిల్‌సుఖ్‌నగర్. అక్కడి కోచింగ్ సెంటర్లలో, హాస్టళ్లలో మన పిల్లలే ఉంటరు. ఖర్చు అక్కడ కనబడుతది, ఆ పైసలు మాత్రం మన పొలంల నుంచి పోతయి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 2022-23లో రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం 9 లక్షల రూపాయలు దాటింది. రాష్ట్రంలోనే ఫస్టు. అంటే ఇంట్లో నలుగురుంటే ఏడాదికి 36 లక్షలు రావాలె. మీ ఇంటికి వచ్చినయా?

లెక్క అబద్ధం కాదు. గచ్చిబౌలి ఐటీ కంపెనీలు, ఎల్బీనగర్ కాలనీలు, మన యాచారం, మంచాల అన్నీ ఒకే జిల్లా. పైగా అది ఇండ్లకు చేరిన డబ్బు కాదు, జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను తలల మీద పంచిన లెక్క.

ఇంటింటి ఆదాయం అడిగిన సర్వే వేరే ఉంది. 2018-19లో తెలంగాణ వ్యవసాయ కుటుంబానికి నెలకు సగటున 9,403 రూపాయలని కేంద్ర సర్వే చెప్పింది. కానీ దేశం మొత్తం మీద అడిగింది దాదాపు 45 వేల కుటుంబాలనే. అది రాష్ట్రానికి సరిపోతది, మండలానికి సరిపోదు. పంట కోత ప్రయోగం మనకు తెలిసిందే కదా. ఒక్క మడి కోసి మండలం దిగుబడి చెప్తే ఒప్పుకుంటమా?

దీనికి ఒక పద్ధతి ఉంది, చిన్న ప్రాంతాల అంచనా అంటరు. సర్వేలో దొరికిన కొద్ది ఇండ్ల లెక్కకు జనాభా లెక్కలు, సాగునీరు, కరెంటు కనెక్షన్ల వంటి వివరాలు జోడిస్తరు. అన్ని మండలాల్లో వాటికీ ఆదాయానికీ ఉన్న సంబంధం చూసి, మన మండలానికి అంచనా కడతరు. సర్వే ఇండ్లు ఎక్కువుంటే సర్వే మాటకు బరువు, తక్కువుంటే ఆ సంబంధానికి బరువు. 1979లో ఫే, హెరియట్ అనే ఇద్దరు అమెరికాలో వెయ్యి మంది కూడా లేని ఊర్ల తలసరి ఆదాయాన్ని ఇట్లనే కట్టిండ్రు. ఈ శాస్త్రం మీద 2003లో పెద్ద పుస్తకం రాసిన జె.ఎన్.కె. రావు గారు మన ఏలూరులో పుట్టిన తెలుగాయనే.

నేననేది ఏందంటే, మండలం లెక్క కావాలని మనం గట్టిగా అడగాలె. కానీ కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. భూమి ధరను కొలతగా పెడితే మనం మునిగిపోతం. మన దగ్గర ఎకరం కోట్లు పలుకుతుండొచ్చు, అమ్మితేనే అది డబ్బు. పంట మీద వచ్చేది వేరు. అందుకే ఏ వివరాలు వాడిండ్రు, ఎంత అటూఇటూ ఉండొచ్చు అన్నది అంకె పక్కనే రాయాలె. ఆ సగటు చూపించి ఒక్క ఇంటి రేషన్ కార్డు కూడా తీసెయ్యొద్దు.

2026లో దేశవ్యాప్త ఆదాయ సర్వే చేస్తామని కేంద్ర గణాంక శాఖ 2025లోనే ప్రకటించింది. సర్వే వాళ్లు మన గడప తొక్కితే భయపడి తగ్గించొద్దు, గొప్పకు పెంచొద్దు. కౌలు, ఎరువులు, కూలీ ఖర్చు అన్నీ చెప్పండి. మన ఊర్ల అడిగేది నాలుగిండ్లే అయితే, ఆ నాలుగిండ్ల మాటే మండలం మాట అయితది.

మీరేమంటరో కింద రాయండి.