పేరు తెలిస్తే దారి తెలుస్తుంది

 

మా ఖాలా నంద్యాలలో ముప్ఫై ఏళ్ళు ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషి. పొలం కౌలు లెక్కలు, బంధువుల పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు అన్నీ ఆమె మాట మీదే జరిగేవి. గత సంవత్సరం ఆమె మాదాపూర్‌లో ఉంటున్న కుమారుని ఇంటికి వచ్చారు. తొమ్మిదవ అంతస్తులో ఫ్లాటు. కొడుకు, కోడలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు.

ఒకనాడు కొత్తిమీర కోసం క్రిందికి వెళ్ళి, తిరిగి వస్తూ లిఫ్టులో పొరపాటున 'బి2' అనే మీట నొక్కారు. తలుపు తెరుచుకునేసరికి మసక వెలుతురు, వరుసగా నిలిపిన కార్లు. ఆమె బయటికి అడుగుపెట్టగానే లిఫ్టు వెళ్ళిపోయింది. గోడ మీద ఆకుపచ్చ బోర్డు వెలుగుతూనే ఉంది. దాని మీద 'ఎగ్జిట్' అని వ్రాసి ఉంది. కాని ఆమెకు ఆ అక్షరాలు తెలియవు. అరగంట తర్వాత కార్లు కడిగే కుర్రవాడు ఆమెను పైకి తీసుకువచ్చాడు.

సాయంత్రం ఈ సంగతి విని మనవడు పకపకా నవ్వాడు. మా తమ్ముడూ నవ్వాడు. ఆ నవ్వులో దురుద్దేశం లేదు. కాని ఆ రోజు నుండి ఖాలా గుమ్మం దాటలేదు. ఎవరడిగినా 'మోకాళ్ళ నొప్పులు' అని చెప్పేవారు. మూడు వారాల తర్వాత నేను చూడటానికి వెళ్ళినప్పుడు నెమ్మదిగా అసలు విషయం బయటపెట్టారు: "నొప్పి మోకాళ్ళలో లేదు బేటీ. ఈ ఊళ్ళో నేను చదువురాని దాన్నని నా మనవడికి తెలిసిపోయింది."

ఇది ఒక్క మా ఖాలా కథే కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. హైటెక్ సిటీ అనే పేరే కొన్ని ఆంగ్ల పదాల తొలి అక్షరాల కూర్పు. ఇక్కడ పనిచేసే వేలాది యువకుల తల్లిదండ్రులు కర్నూలు, కడప, గుంటూరు, నల్గొండ, మహబూబ్‌నగర్‌ల నుండి వచ్చి పోతూ ఉంటారు. వారికి కావలసింది ఆంగ్ల వ్యాకరణం కాదు. కంటి ముందు కనిపించే వస్తువుల పేర్లు, బోర్డుల మీద ఉండే కొద్దిపాటి మాటలు తెలిస్తే చాలు.

ఖాలాకు చదువు చెప్పింది ఎనిమిదేళ్ళ మనవరాలు. పుస్తకం పట్టలేదు. చిన్న కాగితం ముక్కల మీద ఒకవైపు తెలుగులో, మరోవైపు ఆంగ్లంలో పేరు వ్రాసి ఆయా వస్తువులకే అంటించింది. రోజుకు ఐదు పదాలు మాత్రమే. మరుసటి రోజు ముందు పాతవి అప్పజెప్పించుకుని, తర్వాతే కొత్తవి. వస్తువును చేత్తో తాకి పేరు పలికితే పెద్దవారి మనసులో అది త్వరగా నిలుస్తుంది.

మొదటి వారం ఇల్లు, లిఫ్టు. 'జి' అంటే గ్రౌండ్ ఫ్లోర్, అంటే నేల అంతస్తు. 'బి' అంటే బేస్‌మెంట్, నేల క్రింది అంతస్తు. 'పుష్' అంటే నెట్టండి, 'పుల్' అంటే లాగండి. 'ఎంట్రీ' లోపలికి, 'ఎగ్జిట్' బయటికి. గేటు దగ్గర వచ్చిపోయేవారి పేర్లు వ్రాయించుకునేది విజిటర్స్ రిజిస్టర్.

రెండవ వారం మెట్రో. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో 2019 మార్చిలో, అక్కడి నుండి రాయదుర్గం వరకు అదే సంవత్సరం నవంబరులో మొదలయ్యాయి. స్టేషన్ల పేర్లు తెలుగులోనూ ఉంటాయి కనుక భయం లేదు. నేర్చుకోవలసినవి టోకెన్, స్మార్ట్ కార్డు, ప్లాట్‌ఫారం, ఎస్కలేటర్ వంటి మాటలు. ఎస్కలేటర్ అంటే కదిలే మెట్లు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. హైటెక్ సిటీ అనే పేరుతో మెట్రో స్టేషను వేరు, ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలు స్టేషను వేరు. రెండూ ఒకే చోట లేవు. ఆటో ఎక్కేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పాలి.

మూడవ వారం విమానాశ్రయం. కొడుకు, కోడలితో కలిసి ఉమ్రాకు వెళ్ళాలన్నది ఖాలా చిరకాల కోరిక. శంషాబాద్‌లో విమానం ఎక్కేవారు ముందుగా రెండు మాటలు గుర్తుంచుకోవాలి. చేతిలో ఉంచుకునేది క్యాబిన్ బ్యాగు. కౌంటరులో అప్పగించేది చెక్-ఇన్ బ్యాగు. ఏ వస్తువు ఏ సంచిలో ఉండాలన్నదే అసలు చిక్కు. ఫోనుకు ఛార్జింగ్ ఇచ్చే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. చాకు, కత్తెర, పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర అప్పగించే సంచిలో పెట్టాలి. అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలోని ద్రవపదార్థాల సీసా ఏదైనా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. అత్తరు, కొబ్బరి నూనె కూడా ద్రవాలే. తనిఖీలో వస్తువులు ఉంచే పళ్ళెం 'ట్రే'. అది కదిలి వెళ్ళే పట్టీ 'బెల్టు'. విమానం ఎక్కే చీటీ బోర్డింగ్ పాస్. నడవ ప్రక్కన ఉండే సీటును 'ఐల్' సీటు అంటారు. వ్రాతలో 'ఎస్' అక్షరం ఉన్నా దానిని పలకరు.

మనం ఆంగ్లమనుకుని వాడే కొన్ని మాటలు బయటి దేశాలలో అక్కరకు రావు. కూరగాయల దుకాణంలో మనం అడిగే 'కవర్' అక్కడ 'బ్యాగు'. కారు వెనుక సామాను పెట్టే 'డిక్కీ'ని కొందరు 'బూట్' అని, అమెరికాలో 'ట్రంక్' అని అంటారు. మనం భోజనానికి వెళ్ళే 'హోటల్' అక్కడ బస చేసే చోటు మాత్రమే. 'జిరాక్స్' తీయమంటే అర్థం కాకపోవచ్చు, 'ఫోటోకాపీ' అనాలి. అమెరికా వెళ్ళేవారు లిఫ్టును 'ఎలివేటర్' అని, టార్చిని 'ఫ్లాష్‌లైట్' అని, కుళాయిని 'ఫాసెట్' అని నేర్చుకోవాలి. మనకు మొదటి అంతస్తు అయినది అక్కడ రెండవ అంతస్తు. అక్కడివారు నేల అంతస్తునే మొదటిదిగా లెక్కిస్తారు.

ఈ పాఠాలు సాగుతుండగా ఖాలా ఒకసారి నిట్టూర్చారు: "ఈ వయసులో పరాయి మాటలు నాకెందుకు?" నేనన్నాను: "ఖాలా, మీరు కూర్చున్న కుర్చీ, వ్రాసే కలం, సరుకులు తెచ్చే దుకాణం అన్నీ అరబీ నుండి వచ్చిన మాటలే. నంద్యాలలో అవి ఎవరికీ పరాయివి కావు. ఆంగ్లేయులూ అలాగే నేర్చుకున్నారు. వాళ్ళ కాటన్, షుగర్, జార్, మ్యాట్రెస్ అన్నీ అరబీ ద్వారా వచ్చినవే. సోఫా అన్న మాట కూడా అరబీలోని 'సుఫ్ఫా' నుండి వచ్చినదే." సుఫ్ఫా అన్న మాట వినగానే ఆమె కళ్ళు మెరిశాయి. మస్జిదె నబవీలో బీద సహాబాలు ఉంటూ విద్య నేర్చుకున్న అరుగు పేరు ఆమెకు తెలుసు కదా!

దైవప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని నేర్చుకున్నారు. అందుకు ఆయనకు దాదాపు పదిహేను రోజులు పట్టిందని హదీసు ఉల్లేఖనంలో ఉంది. అవసరమైన భాషను నేర్చుకోవటం మన సంప్రదాయానికి క్రొత్త కాదు. నేర్చుకునే వారిని చూసి నవ్వటమే మన సంప్రదాయం కాదు.

ఈ చివరి మాట పిల్లల కోసం, వారికంటే ఎక్కువగా పెద్ద పిల్లల కోసం. మీకు మాటలు నేర్పినప్పుడు మీ అమ్మ ఒకే పదాన్ని వందసార్లు పలికింది. మీరు తప్పు పలికితే ముద్దు చేసింది. ఇప్పుడు ఆమె రెండుసార్లు అడిగితే మీకు విసుగెందుకు? నలుగురిలో ఆమె పలుకు దిద్దకండి. ఇంట్లో మెల్లగా చెప్పండి. తెలియనందుకు ఎవరూ క్రుంగిపోరు. తెలియదన్న సంగతి నవ్వులపాలైనప్పుడే మనిషి క్రుంగిపోతాడు.

గత నెలలో ఒక ఉదయం మలక్‌పేటలోని మా ఇంటి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఖాలా. వెంట ఎవరూ లేరు. మాదాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఎల్బీనగర్ వైపు వెళ్ళే రైలు మారి వచ్చారట. కంగారుగా "ఒక్కరే ఎలా వచ్చారు?" అని అడిగాను. ఆమె బురఖా సర్దుకుంటూ, "బోర్డు చూసుకుంటూ వచ్చాను. ఎగ్జిట్ ఎక్కడుందో నాకు తెలియదా?" అన్నారు. తర్వాత కొంగు ముడి విప్పి, జాగ్రత్తగా మడిచిన కాగితం ముక్క నా చేతిలో పెట్టారు. మనవరాలు వ్రాసిచ్చిన ఐదు పదాలు. ఆ రోజు పాఠం ఇంకా అప్పజెప్పలేదట.

మీ ఇంట్లోనూ ఒక ఖాలా, ఒక దాదీ, ఒక నానా ఉండే ఉంటారు. ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత పది నిమిషాలు వారి ప్రక్కన కూర్చోండి. ఐదు కాగితం ముక్కలు చాలు.