ఒక ఒరలో రెండు కత్తులు

ఏటీఎంలో కార్డు పెడతాం. సరిగ్గా అదే నిమిషంలో బ్యాంకు లెక్కలు చూసే సర్వర్ కుప్పకూలిందనుకోండి. చాలాసార్లు ఆ సంగతే మనకు తెలియదు. దానికి తోడుగా ఇంకో సర్వర్ కాచుకుని ఉంటుంది మరి. మొదటిది చతికిలపడగానే రెండోది పని అందుకుంటుంది. ఇలా జట్టు కట్టిన సర్వర్లనే ఫెయిలోవర్ క్లస్టర్ అంటారు.

ఒకటి పడిపోయిందని రెండోదానికి ఎలా తెలుస్తుంది? అవి నెట్‌వర్క్ మీదుగా 'నేనున్నాను' అంటూ ఒకదానికొకటి కబురు పంపుకుంటూ ఉంటాయి, చాలాచోట్ల సెకనుకోసారి. దీని పేరు హార్ట్‌బీట్. వరసగా కొన్ని కబుర్లు అందకపోతే అవతలిది పోయినట్టే లెక్క. వెంటనే రెండోది ఉమ్మడి డిస్కును తన అధీనంలోకి తెచ్చుకుంటుంది, నెట్‌వర్క్‌లో పాతదాని చిరునామా తీసుకుంటుంది, ఆగిన ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెడుతుంది.

వినడానికి బాగానే ఉంది. కానీ కబురు రానంత మాత్రాన అవతలిది పోయినట్టేనా? మధ్యలో కేబుల్ తెగి ఉండొచ్చుగా! అప్పుడు రెండూ బతికే ఉంటాయి. రెండూ 'ఇక పెత్తనం నాదే' అనుకుంటాయి. ఒకే డిస్కు మీద దేని లెక్క అది రాసేస్తే మన ఖాతా గల్లంతే. నిపుణులు ఈ గొడవకు పెట్టిన పేరు స్ప్లిట్ బ్రెయిన్.

విరుగుడు ఓటింగు. సగానికి మించి ఓట్లున్న వర్గమే డిస్కును ముట్టుకోవాలి. మిగతావి ఎంత ఆరోగ్యంగా ఉన్నా పక్కకు తప్పుకోవాల్సిందే. మొదట్లో క్లస్టర్ ఏర్పడేటప్పుడూ ఇదే నియమం. సర్వర్లు రెండే అయితే తగువు తేలదు కాబట్టి, మూడో ఓటుకు ఓ చిన్న డిస్కునో వేరేచోట ఉన్న ఫైలునో సాక్షిగా పెడతారు. ఇంకో మొరటు పద్ధతీ ఉంది... అనుమానం వచ్చిన సర్వర్‌కు ఏకంగా కరెంటు కట్ చేయించడం. లైనక్స్ క్లస్టర్లలో దీన్ని స్టోనిత్ అంటారు. 'పక్కవాడి తలలో కాల్చెయ్' అనే అర్థమొచ్చే ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలవి!

ఓటింగు సవ్యంగా జరిగినా ఒక్కోసారి చిక్కు తప్పదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌కు ఉమ్మడి డిస్కు లేదు. అమెరికా తూర్పు తీరంలో రాసినది పడమటి తీరానికి కాపీ అవుతుండేది. 2018 అక్టోబరు 21న మరమ్మతు పనిలో తూర్పు డేటా సెంటర్‌కు నెట్‌వర్క్ తెగింది. తెగింది 43 సెకన్లే. ఆలోపే మెజారిటీ ఓట్లతో పెత్తనం పడమటికి మారిపోయింది. తూర్పున చివరి కొన్ని సెకన్లలో రాసినవి మాత్రం అటు చేరలేదు. ఇంజినీర్లు తేరుకునేసరికి పడమటన సుమారు 40 నిమిషాల కొత్త రాతలు పడ్డాయి. ఇటున్నవి అటు లేవు, అటున్నవి ఇటు లేవు.

సేవ ఆలస్యమైనా సరే, సమాచారం పోకూడదనుకున్నారు వాళ్లు. ఆ తెగువను మెచ్చుకోవాలి. అంతా మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. తూర్పున చిక్కుకుపోయిన రాతలు ఒక్క క్లస్టర్‌లోనే 954. ఏవి వాటంతట సర్దుకుంటాయో, వేటికి వాడకందార్లనే అడగాలో తేల్చే పని ఆ తర్వాత మొదలైంది.