మతి తప్పినవారి పేర దానము: శాసనసభకు విన్నపము

సురంగల్, మొయినాబాద్ మండలము.

తెలంగాణ రాష్ట్ర శాసనసభాపతి గారికి, గౌరవ సభ్యులకు,

మతి తప్పిన మనుష్యుని పక్షమున ఇతరులు దానము చేయవచ్చునా, చేయవచ్చునేని ఎవరి యనుజ్ఞతో, ఎంతమేరకు చేయవలెను అను ప్రశ్నకు స్పష్టమైన సమాధానము లేకుండుట వలన కలుగుచున్న యన్యాయమును మీ దృష్టికి తెచ్చుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణార్థము 1996 మార్చిలో వెలువడిన 111వ జీవో 84 గ్రామములపై ఆంక్షలు విధించినప్పటికిని, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతమున భూమి విలువ పెరుగుట ఆగలేదు. పట్టాదారులైన పెద్దలు వార్ధక్యమున డిమెన్షియాకు లోనైనప్పుడు ఇంటిలోని చూపులన్నియు వారి పాసుపుస్తకము మీదికే మరలుచున్నవి.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టపు 122వ సెక్షను ప్రకారము దానము దాత స్వేచ్ఛతో, ప్రతిఫలము లేక జరుగవలెను. దస్తావేజు వ్రాసియిచ్చువాడు మతిలేనివానివలె కనబడినచో దానిని నిరాకరింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టపు 35వ సెక్షను అధికారిని ఆదేశించుచున్నది. కాని డిమెన్షియాగల పెద్ద పేరు పెట్టి పిలిచిన పలుకును, నవ్వును, అడిగినదానికెల్ల తల యూపును. ఒకరు చేయి పట్టి వేయించిన నిశాని కాగితముపై చక్కగానే పడును. ఆ తలయూపు వెనుక సమ్మతి కలదో లేదో కార్యాలయపు రద్దీలో తేల్చుట ఎంతటి యధికారికైనను దుష్కరము. ఆరోగ్యముగా నున్ననాడు వ్రాసియిచ్చిన ముఖ్తారునామా యైనను ఆదుకొనునా యన్న, కాంట్రాక్టు చట్టపు 201వ సెక్షను వలన యజమాని మతి చెడుటతోనే అదియు ముగియును.

ఇట్లు దోచుకొనుట యొక యన్యాయము కాగా, ఈయనీయకుండుట మరియొకటి. జీవితమంతయు ఆడబిడ్డకు ఒడిబియ్యము పోసి, బతుకమ్మకు చీరె పెట్టి, బంధువుల పెండ్లిలో కట్నము చదివించి, ఊరి గుడికి చందా వ్రాయించిన తల్లి, జ్ఞాపకశక్తి పోయినది మొదలు, సొమ్ము బ్యాంకులో నుండగనే ఎవరికిని ఏమియు నీయలేనిదగుట న్యాయమా? ధర్మబుద్ధితో ఆ పెట్టుపోతలను కొనసాగించు బిడ్డకు చట్టపు అండ లేదు; రేపు తోబుట్టువులు లెక్క యడిగిన చూపుటకొక యాధారమును లేదు.

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము మానసిక రోగి ఆస్తికి మేనేజరును నియమించి, జిల్లా కోర్టు అనుమతి లేనిదే స్థిరాస్తిని అమ్మరాదు, దానమీయరాదు అని 59వ సెక్షనున కట్టడి చేసినది. దాని స్థానమున 2018 మే 29న అమలులోనికి వచ్చిన 2017 నాటి చట్టము చికిత్స విషయమున రోగి హక్కులను ఎంతయో విస్తరింపజేసినది గాని, ఆస్తి సంగతి విడిచిపెట్టుటచే ఆ పాత మార్గము మూసికొనిపోయినది. అందుచేతనే 2019లో కేరళ హైకోర్టు కోమాలోనున్నవారికి సంరక్షకులను నియమించుటకు తానే మార్గదర్శకములు ఏర్పరుపవలసివచ్చినది. ఇంగ్లండు మానసిక సామర్థ్యమును గూర్చిన 2005 నాటి చట్టమున, వివాహాది ఆనవాయితీ సందర్భములలో ఆస్తికి తగిన కానుకలను ప్రతినిధి ఈయవచ్చుననియు, అంతకు మించినవానికి కోర్టు అనుమతి వలెననియు నిర్ణయించినది. ఈ యుక్తపరిమితి మనకు పరాయిది కాదు. తండ్రి ఉమ్మడి స్థిరాస్తిలో తగుమాత్రపు భాగమును కుమార్తెకు ఈయవచ్చునని గురమ్మ, మల్లప్పల కేసులో సుప్రీంకోర్టు అంగీకరించినది.

మానసిక వైకల్యము రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలో 16వ అంశమగుటచే మీరును శాసనము చేయుటకు అధికారులే. కావున తెలివి నిలిచియున్ననాడే తన ప్రతినిధిని, దానము గ్రహించువారిని, ఈయవలసిన మేరను మనుష్యుడు నిర్దేశించుకొను పత్రమునకు చట్టబలము కల్పింపుడు. ఆనవాయితీ కానుకలకు పరిమితియు, వార్షిక లెక్కయు విధింపుడు. భూదానమునకు వైద్యుని ధ్రువపత్రమును, జిల్లా కోర్టు అనుమతిని తప్పనిసరి చేయుడు. దానము గ్రహించువాడే ప్రతినిధి యగుటను నిషేధింపుడు. ఆ పెద్ద తిండికి, మందులకు, పరిచర్యకు చాలినంత మిగిలిన పిమ్మటనే ఏ దానమైనను చెల్లునను నియమము వీనియన్నిటికిని ముందుండవలెను.

మతి పోయినవాడు సభకు వచ్చి తన మొర వినిపింపలేడు. అతని పక్షమున మాటాడుట మీ విధి యని నమ్మి, రానున్న సమావేశములలోనే ఇందుకు తగిన బిల్లు ప్రవేశపెట్టవలెనని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
సురంగల్ గ్రామవాసి